ఏడిదాక వచ్చిన్రు?

జొన్నరొట్టె పెనం మీది నుంచి నేరుగా కంచంలో పడాలి. చల్లారితే అది రొట్టె కాదు, అట్టముక్క. తాండూరులో కందిపప్పు వ్యాపారం చేసే సూర్యప్రకాశ్‌కు ఈ ఒక్క విషయంలో రాజీ లేదు. వికారాబాద్‌లోని రెండో దుకాణం చూసుకుని సాయంత్రం ఆయన కారులో వస్తుంటే, ఇంట్లో భార్య అరుణాదేవి పిండి కలిపి పెట్టుకుని ఫోన్ చేసేది.

"ఏడిదాక వచ్చిన్రు?"

"పెద్దేముల్ దాటిన. పెనం పెట్టు."

ఇరవై నాలుగేళ్ల కాపురం తర్వాత కూడా మొగుడికి వేడివేడిగా పెట్టాలని ఇంత ఆరాటం! ఇందులో తప్పేముందో మీరే చెప్పండి. ఎవరూ తప్పు పట్టలేదు. ఇరుగుపొరుగు ముచ్చటపడ్డారు కూడా. బండి పక్కకు ఆపి మాట్లాడాలని ఆయనకు తోచలేదు, ఆపమని ఈమె కూడా అనలేదు.

రెండేళ్ల కిందట ఒక సాయంత్రం ఎప్పటిలాగే ఫోన్ చేసింది. ఆయన ఎత్తాడు. "ఆ, చెప్పు" అన్నాడు. అంతే. రోడ్డు పక్కన నాపరాళ్ల లోడుతో ఆగి ఉన్న ట్రాక్టర్‌ను ఆయన చూసుకోలేదు.

"తాగి నడిపిండేమో" అన్నారు నలుగురు. జన్మలో చుక్క ముట్టని మనిషిని! ఆఖరి ఫోన్ ఎవరిదో అరుణ ఎవరికీ చెప్పలేదు. చెప్పు అన్నాడే గాని, వినడానికి ఆగలేదు. ఎన్ని మాటలు మిగిలిపోయాయి! ఆ గొంతు ఇంకొక్కసారి వినాలని ఆమె ఎంత అల్లాడిందో ఆ దేవుడికే ఎరుక. పొద్దుగూకితే చెయ్యి దానంతటదే ఫోన్ కోసం తడుముకునేది.

ఇప్పుడు కూతురు మనీషా అదే దారిలో కారు నడుపుతోంది. తండ్రి దుకాణం తానే చూసుకుంటానని పట్టుబట్టింది. ఒక రోజు ఆరున్నరకు రావలసిన పిల్ల ఏడున్నరైనా రాలేదు. బయట కుండపోత వాన. అత్తగారు పుష్పమ్మ గడపలోకీ కిటికీ దగ్గరికీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది.

"అరుణా, పిల్ల ఏడున్నదో జర ఫోన్ చెయ్యే. నా పానం ఆగుతలేదు."

అరుణ ఫోన్ తీసింది. మనీషా పేరు మీద వేలు పెట్టబోయి ఆగింది. ఒక్క మాట వింటే చాలు, గుండె కుదుటపడుతుంది. కానీ ఆ మాట చెప్పాలంటే పిల్ల కళ్లు రోడ్డు మీది నుంచి ఇటు తిరగాలి కదా!

"నేను చెయ్య అత్తమ్మా. ఆ దినం ఆయనకు ఫోన్ చేసింది నేనే. నాతోని మాట్లాడుకుంటనే పోయిండు. మీ కొడుకును నేనే పొట్టన పెట్టుకున్న" అని బావురుమంది.

 పుష్పమ్మ వచ్చి కోడలి పక్కన నేల మీద కూలబడింది.

"పిండి ఆరిపోతున్నదని ఆ దినం వానికి ఫోన్ చెయ్యమన్నది నేను గాదె? గది యాదికొచ్చి రెండేండ్లసంది నీ మొఖం సక్కగ జూడలే బిడ్డా."

అరుణకు ఆ మాటే గుర్తు లేదు. అత్తాకోడళ్లు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చున్నారు. ఫోన్ ముట్టుకోలేదు. అరగంట యుగంలా గడిచింది.

ఎనిమిదింటికి మనీషా తడిసిన తలతో గుమ్మంలోకి వచ్చింది. "వానకు రోడ్డు కనవడలే అమ్మా. ధారూర్ కాడ బండి పక్కకు ఆపిన. నా ఫోన్‌ల చార్జింగ్ లేదు. మీరు పరేషాన్ అయితిరా?"

అరుణ కూతురిని గట్టిగా హత్తుకుంది. ఆ సాయంత్రం తాను ఇంత ఓర్పు పట్టి ఉంటే ఆయనా ఇట్లాగే గుమ్మంలో నిలబడేవాడు కదా అనిపించి, ఏడుపు ఆగలేదు.

మనవరాలి తల తుడుస్తూ పుష్పమ్మ అంది: "తాగి నడుపొద్దని బండి తోలెటోళ్లకు అందరం చెప్తం. ఇంట్ల కూసున్నోళ్లకు ఎవరు చెప్పాలె? మన ఫికర్ మనం మింగాలె. దారిల ఉన్నోళ్లను దారి జూడనియ్యాలె."