దుమ్మనుకున్న ముఖం

నెగటివ్‌లను స్కాన్ చేసే యంత్రం ఒక్కటే. పాత ఫొటోలను కాపాడదామని ముందుకు వచ్చినవారు నలుగురు. అందువల్ల అది వంతులవారీగా ఇల్లిల్లూ తిరిగేది. "దీనికున్నన్ని పుట్టిళ్లు నాకు లేవు" అనేది కుట్టుపని చేసే అక్క, దాన్ని తన బల్లమీద దించుకుంటూ.

ఆమెకు ముందు వంతు మందులకొట్టాయనది. ఆయనవన్నీ రంగుల ఫిల్ములు. ఫిల్ము మీది దుమ్మును యంత్రమే గుర్తించి చెరిపేసే ఆప్షన్ ఒకటుంది. ఆయన దాన్ని ఆన్ చేసి, అలాగే ఉంచి అప్పగించాడు. రంగుల ఫిల్ముకు అది మేలే చేస్తుంది. నలుపు-తెలుపు ఫిల్ములో మాత్రం బొమ్మ వెండి రేణువులతో ఏర్పడుతుంది; వెండికీ దుమ్ముకూ తేడా ఆ యంత్రానికి తెలియదు.

అక్క దగ్గరున్నది చనిపోయిన చెల్లెలి నలుపు-తెలుపు నెగటివ్, ఒకే ఒక్క ముక్క. తల్లికి మతిమరుపు ముదురుతోంది. "దాని మొహం గుర్తుకు రావట్లేదే, ఒక్కసారి చూపించవే" అని రోజూ ప్రాణం తోడేస్తోంది. ఆ ముక్క అప్పటికే పుల్లటి వాసన కొడుతూ అంచుల దగ్గర ముడుచుకుపోతోంది. అటువంటిది పక్కనున్న ఫిల్ములను కూడా చెడగొడుతుంది కనుక స్కాన్ కాగానే పారెయ్యాలన్నది ఆ నలుగురి కట్టుబాటు. తెరమీద చిన్న బొమ్మ చక్కగానే కనిపించింది. అక్క మాట తప్పే మనిషి కాదు. ముక్క చెత్తబండి ఎక్కింది.

పెద్దదిగా ప్రింటు వేయించాక గాని సంగతి తెలియలేదు. నెగటివ్‌లో అన్నిటికన్నా నల్లగా ఉండేది ముఖం. అంటే వెండి దట్టంగా ఉండేదీ అక్కడే. యంత్రం దాన్నే దుమ్మనుకుంది. బుగ్గల మీది మశూచి మచ్చలను, కనురెప్పల వెంట్రుకలను పూడ్చేసి నున్నటి చర్మం పరిచింది.

మందులకొట్టాయన తల పట్టుకున్నాడు. "ఆఫ్ చెయ్యడం మర్చిపోయానమ్మా. నెగటివ్ పట్రా, మళ్లీ తీద్దాం."

"ఉంటే మీ దాకా ఎందుకొస్తాను అన్నయ్యా? వాసనొస్తే పారెయ్యమన్నది మీరేగా."

తల్లి ఫొటోను కిటికీ వెలుగుకు పట్టి చాలాసేపు చూసింది.

"ఇదేనా?"

"ఇదేనమ్మా."

"మచ్చలుండాలే! ఎవరో వెక్కిరించారని తిండి మానేసింది కదూ?"

అక్క నోరు తెరిచింది. మచ్చలున్నాయంటే ఈ ముఖం అబద్ధమవుతుంది. చూపడానికి మరో ముఖం లేదు.

"లేవమ్మా. నువ్వే పొరబడ్డావు."

"అంతేనేమోలే. నా బుర్రలో ఏదీ నిలిచి చావదు" అంటూ తల్లి ఆ నున్నటి బుగ్గను వేలితో నిమిరింది. ఆ తర్వాత మచ్చల మాట ఎత్తలేదు.