గంజి మాడిన వాసన

డాక్టరమ్మ చీటీ మీద రాస్తూ మందు పేరు చెప్పింది. నోరు తిరగని పేరు. మళ్ళీ చెప్పమంటే కలం పక్కన పెట్టి, "గంజాయి నుంచి తీసిన చుక్కలండీ, నాలుక కింద వేసుకోవాలి" అంది.

గదిలో ఆమె కాక ఇద్దరే ఉన్నారు, రోగి, రోగి చెల్లెలు. చెల్లెలికి యాభై తొమ్మిదేళ్ళు. హార్మోనియాలు బాగుచేసే కొట్టు ఆమెది, అందరూ మేస్త్రమ్మ అంటారు. అన్నకి అరవై తొమ్మిది. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి, చెల్లెలి మొగుడు పోయినప్పటి నుంచి కొట్టు పైన గదుల్లో ఆమెతోనే ఉంటున్నాడు. పేగులో క్యాన్సరు. ఆపరేషను అయింది, మూడు వారాలకోసారి మందు ఎక్కిస్తున్నారు. ఆ మందు రోగాన్ని ఎంత చంపిందో తెలియదు గానీ ఆకలిని మాత్రం నిలువునా చంపేసింది. అతని బెల్టుకు కొత్తగా మూడు చిల్లులు పడ్డాయి. తోలుకు చిల్లులు పొడిచే ఆరెతో మేస్త్రమ్మే పొడిచింది, పొడిచిన ప్రతిసారీ ఏడ్చింది.

"వాంతులకి ఉన్న మందులన్నీ వాడి చూశాం" అంది డాక్టరమ్మ. "ఇది రోగాన్ని తగ్గించదు. తగ్గిస్తుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. వికారం తగ్గి నాలుగు మెతుకులు లోపలికి పోతాయేమోనని ఆశ. పోకపోవచ్చు కూడా."

"మరి చెడు?" అంది మేస్త్రమ్మ.

"కళ్ళు తిరుగుతాయి, తడబాటుగా ఉంటుంది. ఇదివరకు ఎప్పుడైనా మనసు చెదిరి ఉంటే మళ్ళీ చెదిరే భయం ఉంది. అలాంటిదేమైనా..."

అన్నాచెల్లెళ్ళిద్దరూ ఒక్కసారే కిటికీ వైపు చూశారు.

"ఉందండీ" అన్నాడు అన్న. "అయినా ఆ గొడవెందుకు, నాకిది వద్దు. ముట్టనని ఒట్టేశాను."

"ఎవరికి?"

"ఇదిగో, దీని నెత్తి మీద చెయ్యి పెట్టి."

డాక్టరమ్మ నవ్వలేదు. "ఒట్టుకి నా దగ్గర మందు లేదండీ. మీరూ మీరూ మాట్లాడుకుని శుక్రవారం చెప్పండి. వేస్తే మాత్రం చాలా తక్కువతో మొదలుపెడతాను, రోజూ ఎలా ఉన్నారో నాకు ఫోన్ చెయ్యాలి. బరువు ఇలాగే పడిపోతే వచ్చే విడత ఎక్కించలేను. అది మాత్రం గుర్తుపెట్టుకోండి."

ఇంటికి వస్తుంటే బస్సులో అన్న, "గంజి దిగని గొంతులో గంజాయి దించుతారట, విన్నావా పిచ్చుకా" అన్నాడు. ఆమెను పిచ్చుక అని పిలిచే మనిషి లోకంలో ఇంకా అతనొక్కడే మిగిలాడు. మామూలుగా అయితే అతని జోకులకి నవ్వకుండా ఉండడం ఆమె వల్ల కాదు. ఆ రోజు గంజి అన్న మాట దగ్గరే ఆగిపోయింది.

పిచ్చుకకి పన్నెండేళ్ళప్పుడు కొట్టు వాళ్ళ నాన్నది. ముందు గదిలో పాత హార్మోనియాలు, నడిమి గదిలో పని బల్ల, వెనక వంటిల్లు. అమ్మ లేదు కాబట్టి గంజి కాయడం పిచ్చుక వంతు. బడి నుంచి రాగానే పొయ్యి మీద గంజి పెట్టి, అన్న పక్కన కూర్చుని తిత్తి ఊదడం కూడా ఆమె వంతే. హార్మోనియంలో ఒక్కో మెట్టుకి రెండేసి ఇత్తడి రేకులుంటాయి. రెండూ ఒకే స్వరం పలకాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా స్వరం అలలు అలలుగా వణుకుతుంది. రేకు కొసన గీకితే స్వరం పైకి పోతుంది, మొదట్లో గీకితే కిందికి దిగుతుంది. అలలు నిదానించి, నిదానించి, పూర్తిగా ఆగితే శృతి కలిసినట్టు. చెవి తప్ప వేరే కొలత లేదు. ఇరవై రెండేళ్ళ అన్నకి ఆ చెవి ఎలాంటిదంటే, వీధిలో పోయే సైకిలు గంట విని ఫలానా స్వరం అనేవాడు. నాన్న పైకి కసిరేవాడు గానీ లోపల మురిసిపోయేవాడు.

ఆ ఏడాదే అన్నకి గంజాయి అలవాటైంది. పెరటి గుమ్మంలో కూర్చుని నాలుగు దమ్ములు లాగి వచ్చేవాడు. పాలిషూ జిగురూ పీల్చీ పీల్చీ నాన్న ముక్కు అప్పటికే సగం చచ్చింది, అయినా ఒక్కోసారి, "ఏమిటే ఆ కంపు?" అని ముందు గదిలోంచి కేకేసేవాడు.

"గంజి మాడింది నాన్నా" అనేది పిచ్చుక.

అది అన్న నేర్పిన మాట. "ఈ పిల్లకి గంజి కాయడం ఈ జన్మకి రాదు" అని నాన్న నిట్టూర్చేవాడు. అన్నాచెల్లెళ్ళు నోరు నొక్కుకుని నవ్వేవారు. ఎంత నవ్వేవారంటే తిత్తి చేతిలోంచి జారిపోయేది.

అబద్ధమెందుకు, ఆ రోజులు బాగుండేవి. దమ్ము కొట్టి వచ్చిన అన్న మెత్తని మనిషి. మామూలప్పుడు మాట్లాడడమే బరువైనవాడు, అప్పుడు మాత్రం ఒక్కో హార్మోనియానికి ఒక్కో కథ అల్లేవాడు. ఇది ముక్కుతో మాట్లాడే పెద్దత్త, ఇది అలిగిన కొత్తల్లుడు, ఇది జలుబు చేసిన పంతులుగారు. సాయంత్రం ఎండ పని బల్ల మీద పడి ఇత్తడి పొడి మెరిసేది. పిచ్చుకకి లోకంలో అంతకంటే మంచిచోటు ఉందనిపించేది కాదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా మేస్త్రమ్మకి అలాగే అనిపిస్తుంది, అలా అనిపించినందుకు తన మీద తనకే ఒళ్ళు మండుతుంది కూడా.

తప్పు ఎక్కడ జరిగిందో మొదట కనిపెట్టింది నాన్నే. అన్న శృతి చేసిన హార్మోనియాలు సన్నగా వణుకుతున్నాయి. గంజాయి తాగినవాడికి కాలం సాగుతుంది. సెకనుకి రెండు అలలు వస్తున్నా అతనికి అవి ఎక్కడో తాపీగా వస్తున్నట్టు, ఆగిపోయినట్టు వినిపిస్తాయి. "కలిసింది" అని రేకు దించేవాడు. అది కలిసేది కాదు. చిత్రమేమిటంటే ఎవరూ వెనక్కి తేలేదు. పాటలో తడి ఉందని కొందరు మెచ్చుకున్నారు కూడా. నాన్న మాత్రం ఇంటింటికీ తిరిగి అన్నిటినీ వెనక్కి తెచ్చి సరిచేశాడు. కొట్టులో అమ్మకానికి మిగిలిన ఒక్కదాన్ని మాత్రం పిచ్చుక మంచం కింద దాచేసింది. దాన్ని కూడా సరిచేశామని అన్నకి చెప్పింది.

తర్వాతి నెలల్లో నాలుగు దమ్ములు పద్నాలుగయ్యాయి. శృతి కలవడం లేదన్న నాన్న మాటకి పట్టుదల పుట్టి, ఒక బడివాళ్ళ హార్మోనియం ముందేసుకుని అన్న మూడు రోజులు నిద్రపోలేదు. అలలు ఆగడం లేదని గీకాడు, గీకాడు, కొసన గీకాడు, మొదట్లో గీకాడు. నాలుగో రోజు పొద్దున పిచ్చుక వెళ్ళి చూస్తే రేకులన్నీ ఉల్లిపొరలై విరిగి బల్ల మీద పడి ఉన్నాయి. "ఇవి నన్ను తిడుతున్నాయే, నీకు వినబడడం లేదూ?" అని అడిగాడు. ఆస్పత్రిలో ఎనిమిది నెలలు ఉన్నాడు. గంజాయి తాగినవాళ్ళందరికీ అలా కాదు, నీలో ముందే ఉన్నదాన్ని అది లేపింది అని అక్కడి డాక్టరు చెప్పాడు. పిచ్చుకకి అవేవీ ఎక్కలేదు. గంజి మాడిందని తను అన్నన్నిసార్లూ లెక్కపెట్టుకుంది. ఒక్కసారి నిజం చెప్పి ఉంటే నాన్న ఆపేవాడు. అన్న ఇంటికి రాగానే అతని చెయ్యి లాగి తన నెత్తిన పెట్టుకుంది. "ఇక ముట్టనని ఒట్టెయ్యి. తప్పితే నా తల పగులుతుంది" అంది. అతను వేశాడు. నలభై ఆరేళ్ళు నిలబెట్టుకున్నాడు, కనీసం చుట్ట కూడా ముట్టలేదు. ఇంకెప్పుడూ రేకు గీకలేదు, పెట్టెలకి పాలిషు పెట్టి, తిత్తులు కుట్టి బతికాడు. శృతి చెల్లెలిదైంది.

సోమవారం, మంగళవారం మేస్త్రమ్మ ఎటూ తేల్చుకోలేకపోయింది. వేస్తే ఆకలి వస్తుందేమో, ఆకలితో పాటు ఆ తిట్లు కూడా వస్తాయేమో. వెయ్యకపోతే మనిషి కళ్ళముందే కరిగిపోతాడు. ముందు నుయ్యి వెనక గొయ్యి. వీటిలో ఏది బరువో చూడడానికి త్రాసు దొరకలేదు. ఒక గంట డాక్టరమ్మ మీద కోపం వచ్చేది, మరో గంట అన్న మీద, మిగతా గంటలన్నీ తన మీద.

బుధవారం గిన్నెడు గంజి ఇచ్చి కిందికి వెళ్ళింది. స్క్రూడ్రైవరు మర్చిపోయి తిరిగి వస్తే, అన్న ఒక చేత్తో గోడ పట్టుకుని గంజిని తూములో పోస్తున్నాడు. చప్పుడు కాకుండా, కొద్దికొద్దిగా. పోసి, గిన్నె కడిగి, తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు. వెనక్కి తిరిగి ఆమెను చూశాడు.

"రోజూ ఇంతేనా?" అంది.

"అడుగున కాస్త తాగుతానే."

"నిజం చెప్పు అన్నయ్యా."

"ఖాళీ గిన్నె చూస్తే నీ మొహం వెలుగుతుంది పిచ్చుకా. దానికోసం."

ఆమె అక్కడే నేల మీద కూలబడింది. ఈ ఇంట్లో అబద్ధాలకి ఎప్పుడూ గంజే దొరుకుతుంది కాబోలు. తను ఒకప్పుడు అతన్ని కాపాడుతున్నాననుకుని ఆడిన అబద్ధం లాంటిదే ఇది కూడా. అతను అవసరమైతే ఆకలితో చస్తాడు గానీ ఆమె తల పగలనివ్వడు. ఆ సంగతి అర్థమయ్యాక ఆమెకి ఇంక తేల్చుకోవలసింది ఏమీ మిగల్లేదు.

లేచి వెళ్ళి అతని చెయ్యి పట్టుకుని నెత్తిన పెట్టుకుంది. ఆ చేతికి బరువే లేదు. "ఒట్టు తీసి గట్టున పెట్టాను" అంది. చిన్నప్పుడు ఆటల్లో అనుకునే మాట. ఇంకే మాట అంటే ఒట్టు తీరుతుందో ఆమెకి తెలియదు.

"ఏ గట్టున?"

"ఏదో ఒక గట్టున. నోరు మూసుకో."

"నాకు భయంగా ఉందే. ఆకలి కోసం పోతే మళ్ళీ ఆ గొంతులు పిలుస్తాయేమోనని."

"నాకూ భయమే. కానీ ఈసారి పెరట్లో కాదు, నా ఎదురుగా. రోజూ నీ చేత శృతి చూపిస్తాను. కలవనిది కలిసిందన్నావా, ఆ పూటే చుక్కలు తూములో పోస్తాను, డాక్టరమ్మకి చెప్పేస్తాను."

"ఆ పరీక్ష మంచిదే" అన్నాడు అతను.

శుక్రవారం డాక్టరమ్మకి సరేనని చెప్పారు. చుక్కలు మొదలుపెట్టిన తొలి రెండు రోజులు కళ్ళు తిరగడమే తప్ప ఏమీ లేదు. మూడో రోజు అరచెంబు గంజి తాగి నిలుపుకున్నాడు. ఐదో రోజు సాయంత్రం, చుక్కలు వేసిన గంటకి, మేస్త్రమ్మ పొయ్యి మీద గంజి పెట్టి, మంచం కింద నుంచి ఒక హార్మోనియం లాగి అతని ముందు పెట్టింది. రోజూ కొట్టులో ఉన్నదేదో ఒకటి తెచ్చేది. ఆ రోజు ఇది తెచ్చింది. తిత్తి తనే ఊదింది. సాయంత్రం ఎండ బల్ల మీద పడుతోంది.

అన్న ఒక మెట్టు నొక్కి పట్టి కళ్ళు మూసుకున్నాడు. మేస్త్రమ్మ కళ్ళు గోడ గడియారం మీద ఉన్నాయి. ఆగిపోయింది, కలిసింది అంటాడేమోనని భయం.

అతని చూపుడువేలు బల్ల మీద నెమ్మదిగా తాళం వేసింది. సెకనుకి రెండు. గడియారంతో తప్పకుండా రెండు.

"వణుకుతోంది" అన్నాడు. "ఇది కలవలేదు. ఎవరు చేశారే ఇంత చెత్తగా?"

"నువ్వే."

కళ్ళు తెరిచి పెట్టెను తడిమి చూశాడు. మూత మూలన కాలిన మచ్చ ఉంది, అప్పట్లో నిప్పు రాలి పడ్డది. "ఇది సరిచేశామన్నావు."

"అబద్ధం చెప్పాను. నాకు అలాగే బాగుంది. అప్పటి నువ్వు ఇందులో ఉన్నావనిపించేది. ఆ రోజులు అంత బాగున్నాయని చెప్తే నువ్వు మళ్ళీ మొదలుపెడతావేమోనని చెప్పలేదు."

ఆమె ఇంక ఏడుపు ఆపుకోలేదు. అతను ఆ మెట్టు వదలకుండా చాలాసేపు విన్నాడు. ఆమె ఏడుస్తూనే తిత్తి ఊదుతోంది. "నాకూ బాగుండేవే" అన్నాడు చివరికి. "బాగున్నాయి కాబట్టే అంత లోతుకి పోయాను. సరిచెయ్యనా దీన్ని?"

"వద్దు."

అతను తల ఎత్తి గాలి పీల్చాడు. వాసన తగిలితే చాలు వాంతి చేసుకునే మనిషి, మళ్ళీ ఒకసారి గట్టిగా పీల్చాడు.

"పిచ్చుకా, గంజి మాడింది."

ఆమె తిత్తి వదిలేసి పరుగెత్తింది. గంజి నిజంగానే మాడింది. అడుగంతా నల్లగా అంటుకుపోయింది. పారబోసి మళ్ళీ పెడదామని గిన్నె దించుతుంటే వెనక నుంచి అన్న కేకేశాడు.

"పారబొయ్యకే. మాడింది మాడినట్టే పట్రా, ఆకలేస్తోంది."