మూరెడు వెనక

మా బాపు యాదయ్యకు కోపం రాదు. ఆయనకు రావాల్సింది కూడా కలిపి నాకే వచ్చింది. మోత్కూర్ బస్టాండు ఎదురుగా ఉన్న మా ఫోటో స్టూడియోకు వచ్చేవాళ్లు ముందు నా మొహం చూస్తారు, వెంటనే "ప్రవళికా, బాపు లేడా?" అని అడుగుతారు. ఉంటాడు. లోపల కుర్చీలో కూర్చుని రష్యా లెన్సు తుడుస్తుంటాడు.

ఆ లెన్సు ఆయన మొదటి కెమెరాతో వచ్చింది. కెమెరా ఎప్పుడో మూలకు పడింది, లెన్సు మాత్రం మిగిలింది. అరచేతిలో పెడితే మంచి బరువు. లోపల మోటారు లేదు, బయట బటన్ లేదు. ఇత్తడి మరలు, చుట్టూ ఒక రింగు, దాని మీద మీటర్ల అంకెలు. మనిషి ఎంత దూరంలో ఉంటే రింగు అంత అంకె మీదికి తిప్పాలి. అంతా చేతి పని.

రెండేళ్ల కింద షుగరు ఆయన కళ్లలోకి దిగింది. హైదరాబాద్‌లో కంటి దవాఖానకు తీసుకెళ్లాను. పక్క చూపు ఉంటుంది, నడుమ చూపు మాత్రం ఇక రాదన్నారు. అంటే నేను ఎదురుగా నిలబడితే ఆయనకు నా భుజాలు, జడ, చెవి కమ్మలు కనిపిస్తాయి, మొహం ఉండాల్సిన చోట మసక. "ఒక తీరుగ మంచిదే బిడ్డా, నీ కోపం కనిపిస్తలేదు" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. వెనక గదిలోకి పోయి ఏడ్చి వచ్చాను.

అప్పటి నుంచి లగ్గాలన్నీ నేనే తీస్తున్నాను. నా కొత్త కెమెరాకు మనిషి కన్ను కనబడితే చాలు, ఫోకస్ దానంతటదే పట్టుకుంటుంది. బాపుకు ఇంక పని లేకుండా పోయింది. ఆయన పొద్దంతా ఆ గాజును తుడుస్తుంటే చూడలేక, ఒకరోజు విసుగొచ్చి, పాత లెన్సును కొత్త కెమెరాకు తగిలించే రింగు ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాను. పేరూ ఊరూ లేని చవక సరుకు. మర బిగించి చేతికిస్తే బాపు కెమెరాను ఒళ్లో పెట్టుకుని దాని చుట్టూ చేత్తో తడుముకున్నాడు.

నడుమ చూపు లేనివాడు ఫోకస్ ఎట్లా చేస్తాడని అడిగాను. ఆయన బీరువాలోంచి దారపు ఉండ ఒకటి తీశాడు. పాత రోజుల్లో లగ్గాల కాడ పెట్రోమాక్స్ వెలుగులో కెమెరాలోంచి ఏమీ కనిపించేది కాదట. అందుకని దారానికి మీటరుకో ముడి వేసుకున్నాడు. దారం కొసను ఎదుటి మనిషి కంటి కింది ఎముకకు ఆనించి పట్టుకోవాలి. ఈయన రెండో ముడిని కెమెరాకు అదిమి పట్టి, దారం బిగిసేదాకా జరుగుతాడు. రింగును రెండు మీద పెడతాడు. "ఇడువు" అంటాడు. వాళ్లు దారం వదలగానే నొక్కుతాడు. ముళ్లు వేళ్లకు తగులుతాయి కాబట్టి వాటికి కళ్లతో పని లేదు, రింగు మీది అంకె ఒక్కటి నేను చూసి పెడితే చాలు. పెళ్లికూతుళ్ల చేతులు తగిలీ తగిలీ ఆ దారం కొస పసుప్పచ్చగా మారిపోయింది.

సరిగ్గా ఆ వారంలోనే కాటమయ్య మామ వచ్చాడు. ఆయన నడుముకు మోకు తాడు కట్టుకుని తాటిచెట్లు ఎక్కి కల్లు గీస్తాడు. బాపూ ఆయనా చిన్ననాటి దోస్తులు. ఆయన భార్య శ్యామలమ్మను బాపు చెల్లె అంటాడు, కాబట్టి నాకు అత్తమ్మ. ఆమె కూడా వెంట వచ్చింది.

"బావా, వచ్చే ఐతారం ఆఖరుసారి చెట్టు ఎక్కుతున్న. మోకాళ్లు ఇగ ఒప్పుకుంటలేవు" అన్నాడు మామ. "మోకు దించినప్పుడు ఒక ఫోటో కావాలె. నేనూ మీ చెల్లె. నువ్వే తియ్యాలె."

"గది సరేగని," అంది అత్తమ్మ, "నా లగ్గం ఫోటో ఎప్పుడిస్తవన్నా?"

ఈ మాట ఆమె నేను పుట్టకముందు నుంచీ అడుగుతోంది. వాళ్ల లగ్గం ఎనభై ఆరు మే నెలలో అయింది. బాపు తీసిన మొదటి లగ్గం అదే. ఒక్క ఫోటో కూడా రాలేదు. బాపు ఎప్పటి జవాబే చెప్పాడు, "పట్నంల ల్యాబోడు ఖరాబ్ చేసిండు చెల్లె." అత్తమ్మ ఎప్పటిలాగే ఆ ల్యాబు వాణ్ని, వాని చేతులను, వాని వంశాన్ని కలిపి తిట్టింది. లగ్గం ఫోటో లేదన్న పంతంతో ఆమె ఈ ముప్పై ఎనిమిదేళ్లలో మామ పక్కన ఒక్క ఫోటోకు నిలబడలేదు. ఇప్పుడు మామ బతిమాలితే ఒప్పుకుంది.

వాళ్లు వెళ్లాక బాపు నన్ను పిలిచాడు. "బిడ్డా, గీ ఒక్కటి నేను తీస్త. గదే లెన్సుతోని. తర్వాత కెమెరా ముట్టుకోను."

ఇంత చిన్న కోరికకు కాదని ఎట్లా అంటాను. ఐతారానికి మూడు రోజుల ముందు ఒకసారి చేయి సరిచూసుకుందామని బేస్తారం పొద్దున తాటివనానికి పోయాం. మామనూ అత్తమ్మనూ ఒక తాటిచెట్టు ముందు నిలబెట్టి, దారం బిగించి, అంకె నేను చూసి పెడితే, బాపు పన్నెండు ఫోటోలు తీశాడు. మనుషులను ఎక్కడ నిలపాలో, పైన ఎంత ఆకాశం వదలాలో ఆయనకు ఇప్పటికీ నాకంటే బాగా తెలుసు. నేను లోపల మెచ్చుకున్నాను, పైకి అనలేదు.

స్టూడియోలో కంప్యూటర్ మీద తెరిచాను. తాటిచెట్టు మొద్దు మీది గరుకులు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. ముందు నిలబడిన ఇద్దరికీ మాత్రం మొహాలు లేవు. పన్నెండూ అంతే.

"ఎట్లున్నయి బిడ్డా?"

అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. "చెట్టు మంచిగొచ్చింది. మొహాలు మసక" అన్నాను.

బాపు దారం ఉండ చుట్టి బీరువాలో పెట్టాడు. "ఐతారం నువ్వే తియ్యి" అన్నాడు.

ఆ మెత్తని గొంతు విని నాకు ఒళ్లు మండింది. ఆయన అరిచి ఉంటే బాగుండేది. మరునాడు అన్నం తినేటప్పుడు ఆయనే మాట ఎత్తాడు. "నీకో ముచ్చట చెప్పాలె. వాళ్ల లగ్గం ఫోటోలు ల్యాబోడు ఖరాబ్ చెయ్యలే. రీలు కొస కెమెరాల చక్రానికి పట్టుకోలే, రీలు తిరగనే లే. నేను సూస్కోలే. ముప్పై ఆరు నొక్కిన, ముప్పై ఆరూ ఉత్తయే. కొత్త పని, ఇజ్జత్ పోతదని ల్యాబు మీదికి తోసిన. ఆ దారం కొసకు మొదలు పసుపంటింది శ్యామల చేతిదే. ఆ లగ్గందని మిగిలింది గదొక్కటే." ముద్ద కలుపుతూనే ఉన్నాడు, తినడం లేదు. "రెండోసారన్న సక్కగ తీద్దామనుకున్న. గిది గుడ గట్లనే అయింది."

అన్నం సగంలోనే వదిలేశాను. చేయి కడుక్కుని మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఈసారి కోపంతో చూశాను, కోపంతో చూస్తే నాకు కొన్ని బాగా కనిపిస్తాయి. బాపు చేయి వణికి ఉంటే ఫోటో అంతా అలుక్కుపోవాలి, చెట్టుతో సహా. ముడి సరిగ్గా పట్టుకోకుంటే ఫోకస్ ఒకదాంట్లో ముందుకూ ఒకదాంట్లో వెనక్కూ పోవాలి. ఇక్కడ పన్నెండూ మూరెడు వెనక్కే, చెట్టు మీదికే పోయాయి. మనిషి చేసే తప్పులు ఇంత బుద్ధిగా ఒకే వరుసలో ఉండవు.

కెమెరా తీసుకుని డాబా ఎక్కాను. దూరంగా వాటర్ ట్యాంకు ఉంది. రింగును చిట్టచివరి దాకా, ఎంత దూరమైనా కనిపించాల్సిన గుర్తు దాకా తిప్పాను. ట్యాంకు మసక. మెల్లగా వెనక్కి తిప్పుకుంటూ వస్తే పది మీటర్ల అంకె దగ్గర ట్యాంకు మీద రాసిన అక్షరాలు స్పష్టంగా నిలబడ్డాయి. ఆ ట్యాంకు అరకిలోమీటరు దూరంలో ఉంది.

అప్పుడర్థమైంది. లెన్సు మీది అంకెలు ఇక నిజం చెప్పడం లేదు. నేను తెప్పించిన చవక రింగు ఉండాల్సిన దానికంటే గోటి మందం పలచన. లెన్సు అంత లోపలికి కూర్చుంది, అందుకే రెండు మీటర్లని పెడితే ఇంకో మూరెడు అవతల చూస్తోంది. ఫోకస్ కెమెరాకు వదిలేసి బతికే నాకు, ఆ అంకెలు సరిచూడాలన్న ఆలోచనే రాలేదు. తప్పు బాపు కళ్లది కాదు, చేతులదీ కాదు, నాది. ముందు సంతోషమేసింది, తర్వాత సిగ్గేసింది.

కిందికి దిగి, దారం కొసను గోడ మీది క్యాలెండరుకు అంటించి, రెండో ముడి కెమెరాకు బిగించాను. తెర మీద బొమ్మను పదింతలు పెద్దది చేసుకుని, క్యాలెండరులోని చిన్న అక్షరాలు పదునెక్కేదాకా రింగు తిప్పాను. ఆగిన చోట రింగు మీద నా గోళ్ల రంగు చుక్క పెట్టాను. దానికి ఎదురుగా, లెన్సు మీద కదలని చోట ఇంకో చుక్క. ఒక పూత ఆరాక ఇంకో పూత, అట్లా నాలుగు పూతలు వేస్తే చుక్కలు రెండూ బొడిపెల్లా లేచాయి. అప్పుడు బాపును పిలిచి, ఆయన బొటనవేలు పట్టుకుని వాటి మీద పెట్టాను.

"రెండు బొడిపెలు ఒక్క కాడికొస్తే రెండో ముడి. నేను అంకె చూసి పెట్టే పని గుడ లేదిగ. లెన్సు తగిలించే రింగు పలచనిది తెచ్చింది నేను. నీ చెయ్యి సక్కగనే ఉంది. ఐతారం నువ్వే తీస్తవు" అన్నాను. క్షమాపణ చెప్పాలనుకున్నాను, అరుపులా వచ్చింది.

బాపు బొడిపెలను రెండుమూడు సార్లు తడిమి చూశాడు. "గింత మెత్తగ చెప్తవేంది బిడ్డా" అన్నాడు.

ఐతారం పొద్దున మామ చెట్టు దిగేసరికి మేము కింద ఉన్నాం. లొట్టి నిండా కల్లు, నడుముకు మోకు. కాళ్లు నేలకు ఆనాక ఆయన చెట్టును ఒకసారి అరచేత్తో తట్టాడు. అత్తమ్మ తెల్ల చొక్కా పట్టుకుని సిద్ధంగా ఉంది. ఆయన వద్దన్నాడు, ఆమె తొడిగింది. నా సంచిలో నా లెన్సు కూడా ఉంది. ఎందుకైనా మంచిదని తెచ్చాను, బాపుకు చెప్పలేదు.

మామ చేతుల్లో లొట్టీ గీత కత్తీ ఉన్నాయి. అందుకని దారం కొసను అత్తమ్మే పట్టుకుని, ఆయన కంటి కింద ఆనించింది. బాపు రెండో ముడి అదిమి పట్టి వెనక్కి జరిగాడు. దారం బిగిసింది. బొటనవేలితో బొడిపెలు కలిపాడు. ఇక "ఇడువు" అనాలి.

అనలేదు.

"చెల్లె," అన్నాడు, "ల్యాబోడు ఖరాబ్ చెయ్యలే. రీలు తిరగలే. తప్పు నాదే. గిన్నేండ్లు అబద్ధం చెప్పిన."

 అత్తమ్మ ముఖం చూసి నాకు భయమేసింది. ఆమె బాపును చూసింది, బిగిసిన దారాన్ని చూసింది.

"ఓ అన్నా," అంది మెల్లగా, "ముప్పై ఎనిమిదేండ్లు ఆ ల్యాబోన్ని ఉత్తగ తిట్టిపిస్తివి గదనే. పాపం, ఎన్ని తిట్లు తిన్నడో."

మామకు నవ్వు ఆగలేదు. లొట్టి ఊగి కల్లు చొక్కా మీద ఒలికింది. చొక్కా చూసి అత్తమ్మకూ నవ్వొచ్చింది, కానీ ఆయన చెంప మీది చేయి తీయలేదు. బాపు నొక్కాడు.

"బాపూ, దారం ఇడువమనలే."

"ఎర్కె," అన్నాడు బాపు. "సాలు."

ఒక్కటే తీశాడు. నా సంచి వైపు చేయి పోబోయింది, ఆపుకున్నాను. నీడలోకి పోయి తెర మీద పెద్దది చేసి చూశాను. కెమెరా వైపు వచ్చేకొద్దీ దారం మసకబారి మాయమైంది. అవతల కొసన అత్తమ్మ వేళ్లు, పసుపంటిన పోగులు, మామ తెల్ల గడ్డంలో ఒక్కొక్క వెంట్రుకా, నవ్వుకు ముడుచుకున్న కళ్లు, అన్నీ ఉన్నాయి.

బాపు అడిగాడు, "చెట్టెట్లుంది?"

"చెట్టు మసకగుంది బాపూ."

ఆయన అక్కడే మట్టిలో కూర్చున్నాడు. పక్కన నేనూ కూర్చున్నాను. ఇద్దరం ఏడ్చాం, దాచుకోవాల్సిన అవసరం కనిపించలేదు.

బుధవారం అత్తమ్మ ఫోటో కోసం వచ్చింది. లగ్గం ఫోటోల కింద మేము బంగారు రంగులో పేర్లు, తారీఖు వేస్తాం. దీనికి ఏం వెయ్యాలని అడిగాను. ఆమె క్షణం కూడా ఆలోచించలేదు.

"లగ్గందే వెయ్యి. ఎనభై ఆరు, మే పద్దెనిమిది."

వేశాను. శ్యామలమ్మ వెడ్స్ కాటమయ్య, 18-5-1986. ప్రింటు చేతికిచ్చాక బాపు ఆ వరుసను నాతో రెండుసార్లు చదివించుకున్నాడు. తర్వాత దారం ఉండ తీసి, పసుపు కొస పైకి వచ్చేలా చుట్టి, అత్తమ్మ చేతిలో పెట్టాడు.