తోకపీట

కుక్కను తరిమేటప్పుడైనా ‘ఛీ’ అంటారు. తనకు ఆపాటి మాట కూడా దక్కలేదు. నిన్న సాయంత్రం ఆయా చీపురు చంకలో పెట్టుకుని వచ్చి, “రేపే మీ ఆఖరు క్లాసంట మేడమ్ గారూ, సారు చెప్పమన్నారు” అంది. ఎందుకో ఆయాకు తెలియదు. అది తెలిసిన స్పోకెన్ ఇంగ్లీషు సంస్థ డైరెక్టరు పక్కగదిలోనే, అద్దాల తలుపు వెనక కూర్చుని ఉన్నాడు.

ఆ మాటే నములుతూ ఆమె కుర్చీలు వరసలో పెట్టింది. చివర ఒక మూడుకాళ్ల పీట. ఇంగ్లీషులో ప్రశ్న అడగడమంటే మాటలు చోట్లు మారడమే. అందుకని మాటకొక మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, లేపి, జరిపి నేర్పుతుంది. చివర మిగిలే చిన్నమాటకు ఆ పీట. సంస్థలో ఆమెకు ‘కుర్చీల మేడమ్’ అని పేరు పడింది అందుకే. ఇన్నేళ్లుగా కుర్చీలు ఈడ్చి ఈడ్చి ఆమె కుడిభుజం కాస్త కిందికి వాలింది.

నర్సమ్మ ‘యూ’, లారీ డ్రైవరు ‘ఆర్’. ఇద్దరూ చోట్లు మారాలి.

“ఇప్పుడేగా మేడమ్ కూలబడ్డాను!” అన్నాడు డ్రైవరు.

“లారీని రివర్సు చేస్తావు, నిన్ను నువ్వు చేసుకోలేవా? లే!”

అందరూ నవ్వారు. ‘హూ’ వచ్చి ముందు కూర్చుంది. ‘ఆర్’, ‘యూ’, ‘వెయిటింగ్’ సర్దుకున్నాయి. ఎవరికోసం ఎదురుచూస్తున్నావని అడిగే ప్రశ్న తయారైంది. పీట మాత్రం ఖాళీ. ‘ఫర్’గా అందులో కూర్చోవలసిన దర్జీ గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

“నేనెందుకు మేడమ్? నేను లేకపోయినా అర్థమైపోతుందిగా?”

రోజూ ఎవరో ఒకరు అనే మాటే. రోజూ ఆమె నవ్వి, “తోక కోసిన గాలిపటం ఎగురుతుందా నాయనా?” అనేది. ఇవాళ సుద్దముక్క పిడికిట్లో పొడి అయింది.

“అర్థమైతే సరిపోతుందా? చివర కూర్చునేవాడు మనిషి కాదా? లేకపోయినా గడిచిపోతుందని వాడితో ఒక్కమాటైనా చెప్పకుండా తీసేస్తారా?”

దర్జీ గబుక్కున పీట మీద కూర్చున్నాడు. అరిచింది దర్జీ మీద కాదని ఆమెకు తెలుసు. అది మరీ మండించింది. పైవాడి మీది కోపం పక్కవాడి మీద!

ఎదురు ప్రశ్న వెయ్యకని నాన్న అనేవాడు. ఎందుకండీ అంటే ఆయన కంచం నెట్టేసి లేచిపోయేవాడు. ఆయన పోయిన రోజు డాక్టరు “సారీ అమ్మా” అంటే, ఏం జరిగిందని అడగకుండా “అలాగేనండీ” అంది. ఆ ‘అలాగేనండీ’ నాలిక మీద కాయ కాసింది. ఊళ్లోవాళ్లందరికీ మాత్రం తను అడగడం నేర్పింది. నిన్న ఆయాతో కూడా అదే అంది, అలాగే అని.

క్లాసు అయిపోయింది. నర్సమ్మ చెయ్యి పట్టుకుని, “రేపు కలుద్దాం మేడమ్” అంది. వీళ్లకు ఎవరూ చెప్పలేదన్నమాట. ఆమె ఆ చేతిని నొక్కి వదిలింది. సంచీ భుజాన వేసుకుని, వంగి పీట అందుకుంది.

అద్దాల తలుపు తోసి, గడప మీదే పీట వేసి కూర్చుంది. డైరెక్టరు ఫోనులోంచి తలెత్తాడు.

“నన్నెందుకు తీసేశారు?”

“అదేంటి మేడమ్… ఆయా చెప్పలేదా?”

“ఆయాను కాదు, మిమ్మల్ని అడుగుతున్నాను.”

“ఇప్పుడన్నీ తెర మీద పాఠాలు కదండీ… పైగా ఆ కుర్చీల చప్పుడు… తర్వాత మాట్లాడదాం, సరేనా?”

‘అలాగేనండీ’ గొంతుదాకా వచ్చింది. ఆమె మింగేసింది. కూర్చునే ఉంది. ఆయన కాగితాలు సర్దాడు, కలం మూత తీశాడు, పెట్టాడు, కిటికీ వైపు చూశాడు. ఆయన చెవులు ఎర్రబడేదాకా చూసి, ఆమె లేచి మెట్లు దిగింది.

వెనకాల ఆ అద్దాల తలుపు స్ప్రింగు లాగితే మూసుకోబోయి, గడప మీది పీటకు తగిలి ఆగిపోయింది.