చింతపల్లి బండ మీద నారింజ రంగు సంచి

నేను ఒక వీపుసంచిని. నారింజ రంగు గుడ్డ, రెండు పక్క జేబులు, ఛాతీ మీద బిగించుకునే పట్టీ. నన్ను మొదట కొన్నవాడు సుధాంశు అనే కుర్రవాడు. హిమాలయాలు ఎక్కుతానని కొన్నాడు. నన్ను తగిలించుకుని అద్దం ముందు ఫొటోలు దిగాడు, తర్వాత నన్ను అటకెక్కించాడు. నాలో పాత దుప్పట్లు కుక్కారు. మనుషులకు ప్రయాణం కన్నా ప్రయాణపు సామాను మీదే మోజు ఎక్కువని అక్కడ తెలుసుకున్నాను.

నన్ను కిందికి దింపింది అతని మేనత్త హైమవతి. టెలిఫోను ఆఫీసులో పనిచేసి, పదవీ విరమణకు ముందే ఉద్యోగం మానుకుంది. పక్కవీధికి వెళ్లాలన్నా తోడెవరని అడిగే ఇంట్లోనే ఆమెకు ఇన్నేళ్లూ గడిచాయి. భీమిలి నుంచి కళింగపట్నం దాకా సముద్రం వెంబడి ఒంటరిగా నడుస్తానంటే అన్నగారు నవ్వారు.

"ఎవరైనా తోడుంటే వెళ్లు."

"తోడుంటే అది నా నడక అవదన్నయ్యా," అంది.

నడిచింది. నదుల దగ్గర పడవ ఎక్కింది, పల్లెల్లో అరుగుల మీద పడుకుంది. ఎర్ర పీతలు గుంపులుగా బొరియల్లోకి పరుగెడుతుంటే పగలబడి నవ్వింది. ఆ నవ్వుకు ఆమె వీపు మీద నేనూ ఊగిపోయాను.

చింతపల్లి తీరంలో రాళ్లున్నాయి. ఆ ఉదయం నన్ను ఎత్తయిన బండ మీద పెట్టి, కాళ్లు తడుపుకుందామని దిగింది. నాచు మీద కాలు జారింది. రెండు బండల సందులో ఇరుక్కుంది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది.

ఫోను నా పైజేబులో ఉంది. ఈల నా పట్టీకే కట్టి ఉంది. చెయ్యి చాపింది. ఇంకా బారెడు దూరం. అంతలో పోటు మొదలైంది. నీళ్లు నడుము దాటాయి. అన్నగారే కాబోలు ఫోను చేశారు. నాలో అది మోగి మోగి ఊరుకుంది.

"జారిపడవే," అని ఆమె నన్ను బతిమాలింది. "ఒక్కసారి నా మీదికి జారిపడవే."

పొద్దున్నుంచి నన్ను తోస్తున్న గాలి కూడా అప్పుడు పడిపోయింది.

ఇద్దరు మనుషులు మోటారుసైకిలు ఆపి నన్ను చూశారు. ఆమె బండ వెనక అరుస్తోంది. అలల హోరులో వాళ్లకు వినపడలేదు.

"ఎవులిదిరా ఈ సంచి?"

"ముట్టుకోకు. సముద్రంలో పడిపోనారేమో. పోలీసోలు మనల్నే అడుగుతారు."

ఒకడు నన్ను ఫొటో తీసుకున్నాడు. వెళ్లిపోయారు.

తర్వాత గుల్లలు ఏరుకునే పోలమ్మ వచ్చింది. నా జిప్పు లాగి, బిస్కెట్ల పొట్లం తీసి చెంగున దోపుకుంది. ఎవరైనా చూశారేమోనని నాలుగు వైపులా కళ్లు తిప్పింది. ఆ దొంగచూపుకే బండ అవతల హైమవతి చెయ్యి కనబడింది.

"ఓలమ్మో! మనిషున్నాది! బేగి రండ్రో!"

అరుస్తూనే నీళ్లలోకి దూకి, ఆమె తల పైకెత్తి పట్టుకుంది.

"నన్ను వదలకమ్మా."

"ఒగ్గను. నువ్వు నోరు ముయ్యి, ఉప్పునీళ్లు పోతన్నాయి."

పల్లెలోంచి మగవాళ్లు గునపాలతో వచ్చి రాయి కదిపేదాకా పోలమ్మ అలాగే నిలబడింది. ఎన్ని అలలు ఆ ఇద్దరినీ ముంచి లేచాయో! నేను పైన పొడిగా కూర్చుని చూశాను.

కాలు దక్కింది. మోకాలు మాత్రం ఇక వంగదన్నారు డాక్టర్లు. ఆసుపత్రిలో అన్నగారు నాలోంచి ఫోను తీసి, ఆమె తలగడ పక్కన పెట్టారు.

వానలు వెళ్లాక ఒక సాయంత్రం కర్ర పట్టుకుని, నన్ను భుజాన వేసుకుని మళ్లీ భీమిలి ఇసుకలోకి వచ్చింది. నాలో నీళ్ల సీసా, తువ్వాలు తప్ప ఏమీ లేవు. అయినా కొంచెం దూరానికే ఆయాసపడింది. ఒడ్డున ఉన్న పడవ అంచుకు ఆనుకుని నన్ను కింద పెట్టింది. తిరిగి ఎత్తుకోబోతే వంగలేకపోయింది. మళ్లీ ప్రయత్నించింది. దగ్గర్లో వలలు బాగుచేసుకుంటున్న వాళ్లు చూశారు. ఆమె ఎవరినీ పిలవలేదు.

కర్ర కొసతో నా పట్టీని తగిలించి లాగడం మొదలుపెట్టింది. ఇల్లున్న వైపు కాదు, ఉత్తరానికి, కళింగపట్నం వైపు. ఇసుకలో నా అడుగు ఒరుసుకుపోతోంది. కొంతసేపు లాగుతుంది, ఆగుతుంది, మళ్లీ లాగుతుంది. నేను ఎంత తేలికవుదామనుకున్నా అంతే బరువున్నాను.