బంక కలపని సున్నం

స్వామిదాసు చేయి పడని దుకాణం చేవెళ్లలో లేదు. కిరాణా కొట్ల బోర్డులు, బస్సుల నెత్తిన ఊళ్ల పేర్లు, ఎడ్లబండ్ల పక్క పలకలు, చర్చి గోడ మీద వాక్యాలు, అన్నీ అతను రాసినవే. నిజాం కాలంలో ఒక్క ముక్క చదవరాకపోయినా ఉర్దూ బోర్డులు సైతం చూసి దించేవాడు. దించినవాటిలో తప్పు పట్టినవాడు లేడు. యాభై రెండేళ్లు వచ్చాయి, చూపు కాస్త మందగించింది గానీ చేయి మాత్రం వణకలేదు.

భార్య బీరమ్మకు చదువు రాదు. రాకపోయినా నోరు ఊరుకోదు కదా.

"ఊరందరి పేర్లు రాస్తవ్. నీ పేరు యాడనన్న రాసినవా?" అని ఏడాదికి రెండుసార్లయినా దెప్పేది.

"బోర్డు రాసెటోడు బోర్డు మీద తన పేరు రాసుకుంటే దుకాణం ఎవనిదనుకుంటరే?" అని అతను నవ్వేసేవాడు. నవ్వేవాడే గానీ, ఆ మాట రెండు మూడు రోజులపాటు మనసులో తిరుగుతూనే ఉండేది.

మొయినాబాద్‌లో బాల్‌రాజ్ అని ఒక డ్రాయింగ్ మాస్టరు ఉన్నాడు. చుట్టుపక్కల బొమ్మలు వేసేవాళ్లను తొమ్మిది మందిని పోగేసి చిత్రకళా సంఘం పెట్టాడు. ఏటా తాము వేసిన బొమ్మలను హైదరాబాదుకు మోసుకుపోయి, అక్కడి ప్రదర్శనల్లో ఏదో ఒక మూల తగిలించి వచ్చేవారు. అరవైతొమ్మిదిలో, తెలంగాణ ఉద్యమం రేగిన ఏడు, అదీ కుదరలేదు. పట్నంలో ఒకరోజు కర్ఫ్యూ, ఒకరోజు కాల్పులు. బళ్లు మూతబడ్డాయి, బస్సులు వస్తే వచ్చినట్టు. పట్నం కోసం వేసిన ఇరవైమూడు బొమ్మలు ఇళ్లల్లో మూలుగుతుంటే, వాటిని చేవెళ్లలోనే, మూతబడ్డ బడిలోనే పెడదామని బాల్‌రాజ్ తలపెట్టాడు.

ఆ సంగతి తెలిసిన సాయంత్రమే స్వామిదాసు మాస్టరును కలుసుకున్నాడు. అడగాలనుకున్న మాటను దారిపొడుగునా నాలుగు రకాలుగా అనుకుంటూ పోయాడు. తీరా అడిగేసరికి అది ముక్కలు ముక్కలుగా బయటికొచ్చింది.

"మాస్టరూ, నాది గూడ ఒకటి పెట్టరాదు?"

"నువ్వు బొమ్మలేస్తవా అన్నా?"

"బొమ్మలు కాదు. అక్షరాలు."

బాల్‌రాజ్ చెడ్డవాడు కాదు. కానీ చదువుకున్నవాడికి కొన్ని గీతలుంటాయి, వాటిని దాటలేడు. "అక్షరాలు కళ కిందికి రావు స్వామిదాసన్నా. అది పని. మంచి పనే, నేను కాదంటలేను. నువ్వు ఒక సాయం చెయ్యి. బొమ్మల కింద పెట్టే చీటీలు రాసియ్యి. నీ అంత చక్కగ ఎవరు రాస్తరు?"

స్వామిదాసు తలూపి ఇంటికొచ్చాడు. ముఖం చిన్నబోయింది.

అతనికి ఇంకొక బాధ కూడా ఉంది, అది పైకి చెప్పుకునేది కాదు. అతను పుట్టి బుద్ధెరిగాక రాసినవాటిల్లో అన్నిటికన్నా గొప్పది ఆ బడి ఎదురుగానే ఉంది. అది తనదని చెప్పుకునే వీలు మాత్రం లేదు.

ఏప్రిల్‌లో ఒకరోజు తెల్లవారి అతను చర్చికి పోతుంటే, బడి ఎదుట కుర్మయ్య ధాన్యం గోదాము గోడ ముందు కాలేజీ పిల్లలు నలుగురు ఎర్ర రంగు డబ్బా పెట్టుకుని కనిపించారు. పొడుగాటి గోడ, కొత్తగా గచ్చు చేసింది. దాని మీద వాళ్లు "జై" రాశారు. ఆ రాత ఒకవైపుకు ఒరిగి, రంగు కారి, చూడబుద్ధి కాకుండా ఉంది. స్వామిదాసు దాటిపోదామనే అనుకున్నాడు. నాలుగడుగులు వేశాడు కూడా. మళ్లీ వెనక్కి వచ్చి కుంచె లాక్కున్నాడు.

"తెలంగాణ వస్తదో రాదో నాకు తెల్వదు గని, గిట్ల రాస్తే మాత్రం రాదు," అన్నాడు.

పిల్లలు రాసింది తుడిచేశాడు. సంచిలోంచి సుద్ద దారం తీసి, గోడకు ఆ కొసన ఒకరిని, ఈ కొసన ఒకరిని పట్టుకోమని గీతలు కొట్టించాడు. నిలువెత్తు అక్షరాలు. పోలీసులు వస్తారేమోనని పిల్లలు తొందరపెట్టినకొద్దీ అతను మరింత నెమ్మదిగా రాశాడు. డబ్బులిచ్చి రాయించుకునే బోర్డు అయితే మధ్యలో యజమాని వచ్చి అది పెద్దది చెయ్యి, ఇది చిన్నది చెయ్యి అంటాడు. ఇక్కడ అనేవాడు లేడు. పెద్ద కొడుకు సాముయేలు మెట్రిక్ పాసై మూడేళ్లుగా నౌకరీ కోసం తిరుగుతున్నాడు. ఆ కోపం కూడా ఎంతో కొంత కుంచెలోకి దిగి ఉంటుంది. "జై తెలంగాణ" పూర్తిచేసి, రోడ్డు అవతలికి వచ్చి చూసుకున్నాడు. తన చేయేనా ఇది అనిపించింది. ఆనాడు చర్చికి ఆలస్యంగా పోయాడు.

ఆ రాత ఎవరిదో చేవెళ్లలో పసిపిల్లకు కూడా తెలుసు. ఎవరూ నోరు విప్పలేదు.

ప్రదర్శనకు నాలుగు రోజుల ముందు బాల్‌రాజ్ ఇంటికొచ్చాడు. గుమ్మంలోనే నిలబడి మాట కోసం వెతుక్కుంటున్నాడు.

"పదిమంది ఒక్కచోట చేరాలంటే ఠాణాల పర్మిషన్ కావాలె గద అన్నా. అమీన్ సాబ్ ఇస్తనన్నడు." ఠాణాకు పెద్దయిన సబ్ ఇన్‌స్పెక్టరును జనం ఇంకా ఆ పాత పేరుతోనే పిలిచేవారు. "కాకపోతే ఒక షరతు పెట్టిండు. బడి ఎదురుంగ ఉన్న గోడకు సున్నం వేయాలెనట. గా రాత కనవడొద్దట."

"వేయించు మరి."

"ఊళ్లె నిచ్చెన, కుంచెలు ఉన్నది నీ దగ్గర్నే గదన్నా."

లోపల బీరమ్మ చేతిలో చాట ఆగిపోయింది. స్వామిదాసు గోడకు ఆనించిన నిచ్చెనవైపు చూశాడు. తనను వద్దన్న ప్రదర్శన కోసం తన రాతను తనే మాపాలి. ఈ మాట పైకి అంటే ఆ రాత తనదని ఒప్పుకున్నట్టే. అందుకని "రేపు వేస్త" అన్నాడు.

మర్నాడు గోడ ముందు సున్నం బాన పెట్టుకుని కూర్చున్నాడు. సున్నంలో తుమ్మబంక నానబెట్టి కలపాలి. కలపకపోతే అది గోడను పట్టదు, అందులోనూ కింద నూనె రంగు ఉంటే అసలే పట్టదు. ఎండకు తెల్లగానే కనిపిస్తుంది, నాలుగు చినుకులు పడితే చాలు, పాలలా కారిపోతుంది. ముప్పై ఏళ్లుగా అతను బంక లేకుండా సున్నం వేసింది లేదు, అట్లా వేసినవాళ్లను తిట్టకుండా ఊరుకున్నదీ లేదు.

బంక మూట విప్పాడు. తలెత్తి గోడను చూశాడు. మళ్లీ మూట కట్టేసి కండువాలో పెట్టుకున్నాడు. రెండు రోజుల ముచ్చటకు బంకెందుకు, మిరుగు కార్తె వానలకు ఇంకా వారం ఉంది కదా అని తనకు తాను చెప్పుకున్నాడు. మనిషి తనకు తాను చెప్పుకునే అబద్ధాలు ఇంత బాగా అతుకుతాయి. ఆ సున్నం అతుకుతుందో లేదో గానీ.

ఆ సాయంత్రం ఇంట్లో కూర్చుని చీటీలు రాశాడు. పైన అంకె, మధ్యలో బొమ్మ పేరు, కింద వేసినవారి పేరు, ఊరు. ఇరవైమూడు అయ్యాయి. ఒక అట్టముక్క మిగిలింది. దాని మీద 24 వేశాడు. మధ్యలో ఖాళీ వదిలేసి, కింద సన్నగా "స్వామిదాసు, చేవెళ్ల" అని రాసుకున్నాడు. ఎందుకు రాసుకున్నాడంటే అతనే చెప్పలేడు. ఆరిన తరువాత అంగీ జేబులో వేసుకున్నాడు.

ఆదివారం చర్చి విడిచాక జనం బడికి రావడం మొదలుపెట్టారు. చుట్టుపక్కల పల్లెలు ఎంకపల్లి, ప్రొద్దుటూరు నుంచి కూడా సైకిళ్ల మీద వచ్చారు. సంఘంలో ఉన్న ఒకే ఒక్క ఆడమనిషి, నర్సు విమలమ్మ, దవాఖానలో మంచాల వరుసను నీళ్ల రంగుల్లో వేసింది. దాని ముందు ఆడవాళ్లు గుమిగూడి, ఏ మంచం మీద ఎవరు పడుకున్నారో చెప్పుకున్నారు. బాల్‌రాజ్ బొమ్మలో నలుపు చతురస్రాలు, బూడిదరంగు త్రికోణాలు తప్ప ఇంకేమీ లేవు. గోదాము కుర్మయ్య దాని ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"గిది ఏం బొమ్మ మాస్టరూ?"

"పట్నం, పటేలా."

"మరి మనుషులేరి?"

"కర్ఫ్యూ గద."

కుర్మయ్య కాసేపు ఆలోచించి, అది న్యాయమే అన్నట్టు తలాడించాడు.

అమీన్ సాబ్ మధ్యాహ్నం దాటాక వచ్చాడు. రిటైరు కావడానికి ఏడాదే ఉన్న మనిషి, ముక్కు చివర కళ్లద్దాలు. వెంట జవాన్లెవరూ లేరు. అందరూ జరిగి దారిచ్చారు. ఆయన బొమ్మలను ఎంతసేపు చూస్తున్నాడో, కింది చీటీలనూ అంతసేపే చూస్తున్నాడు. అది గమనించింది స్వామిదాసు ఒక్కడే. గోడ మీది చేయి, చీటీల మీది చేయి ఒకటేనని చూడనేర్చినవాడికి ఇట్టే తెలిసిపోతుంది.

మూడు గంటలవేళ ఆకాశం ఒక్కసారిగా కమ్ముకుంది. మట్టి వాసన వచ్చింది. మొదటి వాన చూద్దామని జనమంతా బొమ్మలను వదిలేసి వరండాలోకి వచ్చారు. స్వామిదాసు మాత్రం గోడవైపు చూశాడు. మిరుగు రాకముందే వాన! బయటికి పరుగెత్తుదామన్నా, పరుగెత్తి ఏం చేస్తాడు? గోడకు గొడుగు పట్టలేడు కదా.

ముందు సున్నం మీద మరకలు తేలాయి. తరువాత సన్నటి తెల్లటి ధారలు. ఒకచోట ఎర్రటి వంపు బయటపడింది. ఇంకొకచోట తలకట్టు. వాన పెరిగినకొద్దీ తెలుపు జారిపోతూ, అక్షరాలు ఒక్కొక్కటే గోడలోంచి ముందుకు వస్తున్నట్టు కనిపించాయి. కడిగిన ఎరుపు మునుపటికన్నా నిగనిగలాడింది.

"అరే, నా గోడ!" అన్నాడు కుర్మయ్య.

అమీన్ సాబ్ కళ్లద్దాలు తుడుచుకుంటూ వరండా అంచుకు వచ్చాడు. చాలాసేపు చూశాడు.

"సున్నం ఎవరు వేసిన్రు?"

"నేనే సాబ్," అన్నాడు స్వామిదాసు.

"బంక వేయలేదా?"

బాల్‌రాజ్ అడ్డుపడ్డాడు. "మరచినట్టున్నడు సాబ్. పెద్దమనిషి..."

మరిచానని ఒక్క మాటంటే సరిపోయేది. మూడు రోజులుగా ఆ మాటను సిద్ధంగా పెట్టుకునే ఉన్నాడు కూడా. ఎదురుగా ఆ అక్షరాలు అట్లా నిలబడి చూస్తుంటే నోట రాలేదు.

"మరువలే సాబ్," అన్నాడు. "బంక కలిపెతందుకు చేయి రాలే."

అమీన్ సాబ్ అతనివైపు తిరగలేదు. గోడనే చూస్తూ మాట్లాడాడు.

"మా అబ్బాజాన్ కాతిబ్. పట్నంల కితాబులు చేత్తోని రాసెటోడు. మా ఇంట్ల ఒక్క బొమ్మ ఉండకపోతుండె. గోడలకు ఆయన రాసిన అక్షరాలే ఉంటుండె. వచ్చినోళ్లు నిలబడి గంటలు గంటలు చూస్తుండిరి. చాయ్ చల్లారిపోయినా చూస్తుండిరి." చేయెత్తి చివరి అక్షరాన్ని చూపించాడు. "గా మలుపు చూడున్రి. ఎంత నిమ్మళంగ తిప్పిండు! రాసినోడు ఎవడో నాకు తెల్వదు. తెలుసుకోను గూడ. వాన ఆగినంక మళ్ల సున్నం పడాలె. బంక కలిపి, రెండు పూతలు. సమఝైందా?"

"అయింది సాబ్."

"అప్పటిదాంక నేను లోపల బొమ్మలు చూస్త. ఇంకా చూసేటివి ఉన్నయి."

ఆయన బొమ్మలన్నీ అప్పటికే రెండుసార్లు చూశాడు. అయినా లోపలికి పోయి, వరండావైపు వీపు పెట్టి నిలబడ్డాడు.

బాల్‌రాజ్ గోడను చూస్తున్నాడు. రెండు నెలలుగా చేవెళ్లకు వచ్చినప్పుడల్లా దాని ముందు నుంచే సైకిల్ తొక్కుకుంటూ పోయాడు. చూడటం మాత్రం ఇదే మొదలు. కాసేపటికి దగ్గరికి వచ్చి, మెల్లగా అడిగాడు.

"స్వామిదాసన్నా, ఇంకొక చీటీ రాసిస్తవా?"

స్వామిదాసు చేయి జేబులోకి పోయింది. చెమటకు మెత్తబడ్డ అట్టముక్క తీసి ఇచ్చాడు. బాల్‌రాజ్ దాన్ని చదివి తలెత్తాడు. సిగ్గుతో ముఖం ఎర్రబడింది.

"బొమ్మ పేరు రాయలేదేందన్నా?"

"పేరు గోడ మీదనే ఉన్నది గద మాస్టరూ."

బాల్‌రాజ్ బొమ్మలు తగిలించగా జేబులో మిగిలిన మేకును వరండా స్తంభానికి పెట్టి, చెప్పుతో కొట్టి, గోడకు ఎదురుగా ఆ చీటీని తగిలించాడు. జనం ఒక్కొక్కరే వచ్చి చీటీ చూశారు, గోడ చూశారు. స్వామిదాసు ఎవరి ముఖమూ చూడలేకపోయాడు. సంతోషం బయటపడకుండా కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

గోనెసంచి కప్పుకుని తడుస్తూ వచ్చింది బీరమ్మ. జనం స్తంభం చుట్టూ ఎందుకు మూగారో ఆమెకు అంతుబట్టలేదు.

"గా అట్టముక్క మీద ఏమున్నది?" అని అడిగింది.

"నా పేరు."

ఆమె నమ్మలేదు. "ఏదీ, వేలు పెట్టి చూపియ్యి."

స్వామిదాసు ఒక్కొక్క అక్షరం కింద వేలు జరుపుతూ చూపించాడు. బీరమ్మ ఆ వేలి వెంటే కళ్లు తిప్పింది. తల తిప్పి, అవతల గోడ నిండా ఉన్న నిలువెత్తు అక్షరాలను చూసింది. మళ్లీ చీటీని చూసింది.

"మరి గింత చిన్నగ రాసుకున్నవేంది?" అంది.