ఎర్రగా పడ్డ ఆరు వరసలు

చెన్నబసప్ప గోడ కడుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. నేను రెండు వరసలు లేపేలోగా అతడు ఒక్క ఇటుకనే మూడుసార్లు తట్టి, గుండు దారం వేలాడదీసి చూసుకుంటాడు. అయినా సైటులో అందరూ గోడంటే చెన్నబసప్పదే అంటారు. ఇరవై ఏళ్లు నా చేతి కింద పనిచేసిన కూలీలు కూడా! జహీరాబాద్‌లో సగం షెడ్లకు గోడలు లేపిన సంగయ్య మేస్త్రిని, నేనేం కావాలి?

కోహీర్ రోడ్డులో మేం కడుతున్న ఫ్యాక్టరీకి రెండో షెడ్డు రాబోతోంది. మా గోడలు కొలిచి, దానికి పెద్ద మేస్త్రి ఎవరో తేలుస్తానని ఇంజనీరు ప్రణీత చెప్పింది. ఉత్తరం గోడ నాది, దక్షిణం గోడ అతడిది.

మొన్న ఆమె మూడు కాళ్ల మీద లేజర్ స్కానర్ నిలబెట్టింది. అది తల తిప్పుకుంటూ రెండు గోడలనూ చూసింది. కాసేపటికి ల్యాప్‌టాప్‌లో బొమ్మ వచ్చింది. నక్షాకు సరిపోయిన చోట పచ్చ, కాస్త తేడా ఉంటే పసుపు, బాగా తప్పితే ఎరుపు. నా గోడ మీద అక్కడక్కడా పసుపు. అతడిదంతా పచ్చే. ఇక పెద్ద మేస్త్రి అతడేననుకున్నాను. అంతలో అతడి కిటికీ పక్కన ఎర్రటి మచ్చ కనిపించింది.

“ఆరు వరసలు బయటికొచ్చాయి. విప్పి కట్టాలి,” అంది ప్రణీత.

“చూసిన్రా! గంటకో ఇటుక పెడితే గిట్లనే అయితది,” అన్నాను అందరికీ వినపడేలా. చెన్నబసప్ప తల వంచుకున్నాడు. పెద్ద మేస్త్రిని నేనేనని ఆమె చెప్పింది.

ఛాయ్ దగ్గర కూడా అతణ్ని వదల్లేదు. “గా కిటికీ కాడ నిద్రపోయినవా?”

“అన్నా, గా దినం నేను లేను. మా ఇంటామెను దవాఖానకు తీస్కపోయిన. పని ఆగొద్దని నువ్వే కట్టినవ్ గదా.”

గుర్తొచ్చింది. గుండు కూడా వేయకుండా గబగబా లేపేశాను.

“మరి మేడమ్‌కు ఎందుకు చెప్పలే?”

“నా కోసం కట్టినవ్. నీ పేరెట్ల చెప్పాలె?”

అతడి మీద ఇంకా మంటెత్తింది. పనిలో దాటింది చాలక, మంచితనంలోనూ నన్ను దాటాలా? ఛాయ్ పారబోసి, సుత్తె తీసుకెళ్లి ఆ వరసలు కొట్టడం మొదలుపెట్టాను.

“మీరెందుకు సంగయ్యగారూ? చెన్నబసప్ప చేస్తాడుగా,” అంది ప్రణీత.

“ఇవి నేను కట్టినవే మేడమ్. ఆయన గా దినం రాలే.”

ఆమె నన్ను దాటి, ఛాయ్ గ్లాసుతో కూర్చున్న చెన్నబసప్ప వైపు మెచ్చుకోలుగా చూసింది. ముప్పై ఏళ్లలో ఏ ఇంజనీరూ నన్ను అలా చూడలేదు.